ఖాళీ సైటులో కారు షెడ్డు, దానికో సోలార్ దీపం: లెక్క ఎక్కడ తప్పుతోంది

బెంగళూరులో 30×40 సైటు కొనడానికి సగం జీవితం పడుతుంది, కట్టేటప్పుడు మాత్రం అందులో కారుకి ఒక్క అడుగు మిగల్చరు. మారతహళ్ళి, మున్నేకొళాల, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వీధుల్లో చూస్తే తెలుస్తుంది. కింద రెండు పోర్షన్లు, పైన మూడు అంతస్తులు అద్దెకి, కారేమో వీధి చివర ఎవరిదో ఖాళీ సైటులో, నెలకింత అని మాట్లాడుకుని వేయించిన రేకుల షెడ్డులో. షెడ్డుకి షట్టరుంది, తాళముంది, కరెంటు లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి వచ్చి, ఫోను టార్చి గడ్డం కింద ఇరికించుకుని తాళం వెతుక్కోవడం రోజూ ఉండే తంతు.

1905లోనే శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటుతో వీధి దీపాలు వెలిగిన ఊరు ఇది. అలాంటి ఊళ్ళో ఒక్క బల్బుకి ఇంత అవస్థా అనిపిస్తుంది కానీ, ఆ బల్బు కోసం బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) కనెక్షన్ తీసుకోవడం తేలికైన పని కాదు. సైటు కాగితాలు కావాలి, అవి ఓనరు దగ్గరుంటాయి, ఆయన ఊళ్ళో ఉండడు. కనెక్షన్ వచ్చినా వాడినా వాడకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. ఇంటి నుంచి వీధికి అడ్డంగా వైరు లాగేవాళ్ళూ ఉన్నారు. అది నిబంధనలకు విరుద్ధం, పైగా మొదటి పెద్ద లారీ వచ్చేదాకానే దాని ఆయుష్షు. కాబట్టి సోలార్ వైపు చూడటం సరైన ఆలోచనే. తప్పంతా ఆ తర్వాత మొదలవుతుంది: షెడ్డుకి కావలసిన సోలార్‌ని ఇంటికి కావలసిన సోలార్‌లాగే లెక్కేసి, దాన్నే కాస్త చిన్నది చేసి పెట్టేస్తారు. ఇంటికీ షెడ్డుకీ తేడా కేవలం సైజులో లేదు.

ముందు వాడకం ఎంతో చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న షెడ్డుకి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు చాలు. రాత్రి కారు పెట్టేటప్పుడు, పొద్దున తీసేటప్పుడు, ఆదివారం కడిగేటప్పుడు, అన్నీ కలిపి సగటున రోజుకి గంటం పావు అనుకుందాం, అది కూడా ఎక్కువే. 18 వాట్లు గంటం పావు వెలిగితే 22 వాట్ అవర్లు. ఇంట్లో ఫ్రిజ్జు అరగంట, ముప్పావుగంట నడిచే కరెంటు. ఇంత చిన్న వాడకం ఉన్నచోట, ఇంట్లో అయితే ఎవరూ పట్టించుకోని చిల్లర నష్టాలన్నీ అసలు ఖర్చుని మించిపోతాయి. ఇక్కడ తలనొప్పి బల్బుతో కాదు, బల్బు ఆరిపోయాక మిగతా ఇరవై రెండు ముప్పావు గంటలు ఏం జరుగుతోందన్న దానితో.

అందరికంటే పెద్ద దొంగ ఇన్వర్టర్. సోలార్ అనగానే ప్యానెల్, బ్యాటరీ, ఇన్వర్టర్, ఈ మూడూ కలిపి ఒక సెట్టు అని మనసులో పడిపోయింది. దుకాణంలోనూ అలాగే అమ్ముతారు. కానీ ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, ఏ దీపమూ వెలగకపోయినా కరెంటు తింటుంది. చిన్న 300 వాట్ల రకం కూడా 5 నుంచి 8 వాట్ల దాకా తాగుతుంది, ఇళ్ళలో పెట్టే పెద్ద రకమైతే 10 వాట్ల పైమాటే. 6 వాట్లే అనుకున్నా 24 గంటలకి 144 వాట్ అవర్లు. బల్బులు వాడింది 22. ఇంటికొచ్చే అద్దె కంటే కాపలావాడి జీతం ఎక్కువైనట్టు ఉంటుంది వ్యవహారం. అవసరమైనప్పుడే ఆన్ చేస్తే సరిపోతుంది కదా అంటారు, నిజమే, కానీ షట్టరు ఎత్తి, చీకట్లో షెడ్డు మూలకి నడిచి, ఇన్వర్టర్ బటను వెతికి నొక్కి, ఆ తర్వాత లైటు స్విచ్చి వేయడం నాలుగు రోజుల ముచ్చట. అయిదో రోజు నుంచి అది ఆన్‌లోనే ఉండిపోతుంది.

బ్యాటరీది 12 వోల్టుల డీసీ, ఎల్‌ఈడీకి కావలసిందీ డీసీయే. మధ్యలో దాన్ని 230 వోల్టుల ఏసీగా మార్చి, బల్బు లోపల మళ్ళీ డీసీగా మార్చడంలో అర్థం లేదు. 12 వోల్టుల డీసీ బల్బులు మామూలు హోల్డరుకి పట్టేవే ఎస్.పి.రోడ్డులో దొరుకుతాయి. ఈ దారి కొత్తదీ కాదు. 1995లో ఇదే బెంగళూరులో మొదలైన సెల్కో సంస్థ కర్ణాటక పల్లెల్లో ఇళ్ళకీ చిన్న దుకాణాలకీ పెట్టిన దీపాలు డీసీ దీపాలే. దాన్ని నడిపించిన హరీష్ హందేకి 2011లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ దీపాలు నిలబడింది ఎంత అవసరమో అంతే పెట్టడం వల్ల. కారు షెడ్డుకి పనికొచ్చే పాఠం అదే, ఐటీ పార్కుల పక్కనే ఉన్నా మనవాళ్ళ చెవిన పడలేదు.

ఇన్వర్టర్ తీసేస్తే మిగిలే కాపలా ఖర్చు చార్జ్ కంట్రోలర్‌ది, అంటే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగ్‌ని అదుపు చేసే చిన్న పెట్టెది. మామూలు చిన్న కంట్రోలర్ 10 మిల్లీ ఆంపియర్ల దాకా వాడుకుంటుంది, అంటే రోజుకి 3 వాట్ అవర్ల లోపు. మొత్తం 25 అయింది. ఈ 25ని గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ తేలికవుతాయి.

ఇక ప్యానెల్ ఎంత, బ్యాటరీ ఎంత అన్నది. బజారులో వినిపించే సలహా ఏమిటంటే, పెద్ద బ్యాటరీ పెట్టుకోండి సార్, మూడు రోజులు మబ్బు పట్టినా టెన్షన్ ఉండదు అని. అమ్మేవాళ్ళకి బ్యాటరీలో మిగిలేది ఎక్కువ కాబట్టి ఆ సలహా ఎక్కువగా వినపడటంలో ఆశ్చర్యం లేదు. అది తిరగేసి చూడాలి. బెంగళూరులో ఏడాది సగటున చదరపు మీటరుకి రోజూ 5 యూనిట్లకి (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు) కాస్త పైన ఎండ పడుతుంది, జూలై, ఆగస్టుల్లో అది నాలుగు, నాలుగున్నరకి దిగుతుంది. ఈ నెల సగటు అంత భయపెట్టేది కాదు, భయపెట్టేది అందులో వరసగా నాలుగైదు రోజులు వదలకుండా పట్టే ముసురు. దట్టమైన మబ్బులో ప్యానెల్ ఇచ్చేది ఎండరోజులో ఇచ్చే దాంట్లో అయిదో వంతు, ఒక్కోసారి పదో వంతే. 50 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో, నష్టాలన్నీ పోను, 150 నుంచి 160 వాట్ అవర్లు ఇస్తుంది. అందులో అయిదో వంతంటే 30. మన ఖర్చు 25. అంటే 50 వాట్ల ప్యానెల్ ఉంటే ముసురు రోజున కూడా ఆ రోజు ఖర్చు ఆ రోజే దాదాపు వచ్చేస్తుంది, బ్యాటరీలో దాచుకోవలసింది పెద్దగా ఉండదు. అదే 20 వాట్ల ప్యానెల్ అయితే ముసురులో 12, 13 కంటే రావు, రోజుకి 12 చొప్పున లోటు, అయిదు రోజులకి 60. ఆ లోటు పూడ్చడానికి పెద్ద బ్యాటరీ, పెద్ద బ్యాటరీని నింపడానికి మళ్ళీ పెద్ద ప్యానెల్. ఎటు తిరిగి ఎటొచ్చినా ప్యానెల్ దగ్గరికే రావాలి.

పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఒక పట్టుదల ఉంది. దాని ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంటుతో చార్జ్ అయితే అది సుఖంగా ఉంటుంది. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీకి 15 ఆంపియర్లు కావాలి, 50 వాట్ల ప్యానెల్ ఇచ్చేది మూడు కూడా కాదు. అలా అరకొరగా నిండుతూ, ఎప్పుడూ పూర్తిగా నిండని బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, కొన్నాళ్ళకి అది కరెంటు పట్టుకోవడమే మానేస్తుంది. షెడ్డులో పెద్ద బ్యాటరీ పాడైపోయింది అని చెప్పుకునే చాలా కథల్లో బ్యాటరీ పాడవలేదు, ఆకలితో చచ్చింది. 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 2 ఆంపియర్లు చాలు, 50 వాట్ల ప్యానెల్‌కి అది సరిజోడు. అందులో సగమే వాడుకున్నా 120 వాట్ అవర్లు, అంటే ఒక్క చుక్క ఎండ రాకపోయినా నాలుగు రోజులు వెలుగు.

లిథియం వైపు వెళ్ళేవాళ్ళు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోవాలి, 12.8 వోల్టులని రాసి ఉంటుంది. సగం నిండి ఉన్నా దానికి ఏ బాధా లేదు, వేల సార్లు నింపి ఖాళీ చేయొచ్చు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదన్న ఒక్క నియమం ఉంది, బెంగళూరులో ఎంత చలేసినా ఆ ముచ్చట రాదు. వచ్చే చిక్కల్లా రేకు. మార్చి, ఏప్రిల్‌లలో రేకుల కింద మధ్యాహ్నం బయటికంటే బాగా వేడిగా ఉంటుంది, అదీ పైకి వెళ్ళే కొద్దీ ఇంకా. లిథియమైనా లెడ్ యాసిడ్ అయినా వేడికి ఆయుష్షు కోల్పోతాయి, లెడ్ యాసిడ్‌కైతే 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుందని బ్యాటరీ రంగంలో అందరూ వాడే లెక్క. రేకుకి ఆనుకుని అల్మరా కొట్టించి అందులో బ్యాటరీ పెట్టడం అందుకే మంచిది కాదు. నడుము ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకి పెడితే చాలు.

పాత కారు బ్యాటరీ వాడొచ్చా అన్నది ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న. పుస్తకం ప్రకారం వద్దు. కారు బ్యాటరీ ప్లేట్లు పలచగా ఉంటాయి, క్షణంపాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి చేసినవి, లోతుగా ఖాళీ చేస్తే త్వరగా పోతాయి. కానీ ఈ షెడ్డులో దాన్ని లోతుగా ఖాళీ చేసేవాళ్ళెవరు? రోజుకి 2 ఆంపియర్ అవర్ల వాడకం. ఇంజిను తిప్పలేక తీసేసిన బ్యాటరీ ఒకటిన్నర ఆంపియర్ల బల్బుల్ని హాయిగా వెలిగించగలదు. ఒక్క పరీక్ష చేయాలి: పూర్తిగా చార్జ్ చేసి, తీగలన్నీ తీసేసి వారం పక్కన పెట్టి, మల్టీమీటరుతో చూడాలి. 12.5 చూపిస్తే ఏడాదో రెండేళ్ళో లాగుతుంది. 12 దగ్గరికి పడిపోయిందంటే లోపల దానంతట అదే ఖాళీ అయిపోతోంది, దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయడమే.

ప్యానెల్ దక్షిణానికి వాలి ఉండాలి, వాలు ఊరి అక్షాంశమంత ఉండాలి అన్నది అందరికీ కంఠతా వచ్చిన సూత్రం. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, చెన్నైదీ అదే. అయితే ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. సరిగ్గా మనకి కరువు నెలలైన జూలై, ఆగస్టుల్లో దక్షిణానికి వాల్చిన ప్యానెల్ సూర్యుడికి కాస్త మొహం తిప్పుకుని కూర్చుంటుందన్నమాట. పైగా ముసురులో వెలుగు ఒక దిక్కు నుంచి రాదు, ఆకాశమంతటి నుంచీ వస్తుంది, పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి రేకు ఏ దిక్కుకి వాలి ఉందని కంగారు పడనక్కరలేదు. 10 డిగ్రీల వాలు ఉంటే చాలు, అదైనా వానకి దుమ్ము కడుక్కుపోవడానికే. పూర్తిగా బల్లపరుపుగా పెడితే వాన నీళ్ళు కింది ఫ్రేము అంచున ఆగి, ఎండిపోయి, మట్టి చారలాగా పేరుకుంటాయి, ఆ చార కింది వరస సెల్స్ మీద సరిగ్గా పడుతుంది.

వాలు కంటే వంద రెట్లు పట్టించుకోవలసింది నీడ. ఖాళీ సైటంటే మూడు వైపులా నాలుగంతస్తుల ఇళ్ళు, ఒక మూల కొబ్బరి చెట్టు. ప్యానెల్లో 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి, ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ వరస మొత్తం ఆ సెల్ ఇవ్వగలిగినంతే ఇస్తుంది. లోపల బైపాస్ డయోడ్లు ఉంటే నీడ పడ్డ సగాన్ని పక్కకి తప్పిస్తాయి, కానీ 12 వోల్టులదని అమ్మే ప్యానెల్ నిజానికి 18 దగ్గర పనిచేస్తుంది, అందులో సగం పోతే మిగిలే 9 వోల్టులతో బ్యాటరీలోకి ఒక్క చుక్క ఎక్కదు. కొబ్బరి మట్ట నీడ ఒకటి ప్యానెల్‌కి అడ్డంగా పడితే ఆ గంట పోయినట్టే. అందుకే ప్యానెల్ పెట్టే ముందు ఒక ఆదివారం తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి రేకు మీద నీడలు ఎక్కడున్నాయో చూసి సుద్దతో గీత గీసుకోవడం, తర్వాత పెట్టే ఏ ఖర్చు కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక్కడే చాలామందిని మోసం చేసే సంగతి ఒకటుంది. మబ్బుగా ఉన్న పొద్దున ప్యానెల్ తీగలు విప్పి మల్టీమీటరు పెడితే 19 వోల్టులు చూపిస్తుంది. ఎండలో చూపించేది 21. పెద్ద తేడా లేదు కదా, ప్యానెల్ బాగానే పనిచేస్తోంది, బ్యాటరీదే తప్పు అని తేల్చేస్తారు. ప్యానెల్ వోల్టేజి కొద్దిపాటి వెలుగుకే పైకి లేస్తుంది, వెలుగుతో పాటు పెరిగేదీ తగ్గేదీ కరెంటు. అదే ప్యానెల్‌ని మల్టీమీటరులో 10 ఆంపియర్ల సాకెట్టుకి మార్చి చూస్తే ఎండలో 3 ఆంపియర్లు, ఆ మబ్బులో 0.3 కనిపిస్తుంది. 50 వాట్ల ప్యానెల్ రెండు తీగల్నీ మీటరుతో కలిపినంత మాత్రాన దానికేమీ కాదు, కానీ పొరపాటున కూడా బ్యాటరీకి అలా కలపకూడదు, మీటరు కాలిపోతుంది.

కంట్రోలర్ దగ్గర పీడబ్ల్యూఎం, ఎంపీపీటీ అని రెండు రకాలు. పీడబ్ల్యూఎం ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది, 18 వోల్టుల దగ్గర బాగా పనిచేసే ప్యానెల్‌ని 13 దగ్గర పని చేయిస్తుంది కాబట్టి పావు వంతుకి పైగా పోతుంది. ఎంపీపీటీ దాన్ని మిగులుస్తుంది. అయినా 50 వాట్ల షెడ్డుకి ఎంపీపీటీ కొనడం దండగ, ఆ తేడా డబ్బుతో ఇంకో చిన్న ప్యానెల్ వస్తుంది. ఒక్కచోట మాత్రం మినహాయింపు: ఇంటి మీద వేసే పెద్ద 300, 400 వాట్ల ప్యానెల్ పాతది ఎవరైనా చవగ్గా ఇస్తే, దాని వోల్టేజి 30కి పైన ఉంటుంది, దాన్ని పీడబ్ల్యూఎంతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే సగానికి పైగా పారబోసినట్టు. అప్పుడు ఎంపీపీటీయే.

చవక కంట్రోలర్లలో ఇంకో లోపం, బ్యాటరీ తగ్గినప్పుడు దీపం ఆర్పేసే హద్దు 11 వోల్టుల చుట్టుపక్కల పెట్టి వస్తుంది. అక్కడికి వచ్చేసరికి లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఇక మిగిలేదేమీ ఉండదు. ఇలాంటి చిన్న లోడుకి 11.8, 12 దగ్గర పెట్టుకోవాలి, బటను నొక్కి పట్టుకుంటే చాలావాటిలో మార్చుకోవచ్చు. బ్యాటరీ రకం కూడా అక్కడే ఎంచుకోవాలి.

వైర్ల గురించి వినిపించే సలహా, అన్నీ లావు వైర్లు వేయండి అని. లావు ఎక్కడ కావాలో అక్కడ వేస్తే చాలు. ప్యానెల్ నుంచి కంట్రోలర్ దాకా 8 మీటర్లున్నా, ప్యానెల్‌కి 18 వోల్టులున్నాయి, దారిలో 0.8 వోల్టు పోయినా పీడబ్ల్యూఎంకి ఏ నష్టమూ లేదు. ఎండకీ వానకీ చీలని పైతొడుగు ఉందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వెళ్ళే జానెడు వైరు మాత్రం పొట్టిగా, లావుగా ఉండాలి. అక్కడ 0.3 వోల్టు పోతే బ్యాటరీ 14.1 దగ్గర ఉండగానే కంట్రోలర్‌కి 14.4 కనిపిస్తుంది, నిండిపోయిందనుకుని ముందే తగ్గించేస్తుంది. బల్బుల వైపు ఒకటిన్నర ఆంపియర్లే కాబట్టి 1 స్క్వేర్ ఎంఎం సరిపోతుంది. టైర్లలో గాలి కొట్టే చిన్న పంపు దగ్గర ఈ లెక్క చెల్లదు, అది 10 ఆంపియర్లు లాగుతుంది, అదే సన్న వైరు మీద 8 మీటర్ల దూరంలో పెడితే దాదాపు 3 వోల్టులు దారిలోనే పోయి పంపు మూలుగుతుంది. దాని సాకెట్టు బ్యాటరీ పక్కనే పెట్టుకోవాలి, కంట్రోలర్ లోడు టెర్మినల్ నుంచి కాకుండా ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీ నుంచే.

ఫ్యూజు అన్నాం కాబట్టి. 12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని అందరికీ ధీమా. షాకు కొట్టదు, నిప్పు పెడుతుంది. బ్యాటరీ రెండు కొసలూ కలిస్తే వందల ఆంపియర్లు పారతాయి, సన్న వైరు ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉండాలి, ఎక్కడో కంట్రోలర్ దగ్గర పెడితే మధ్య వైరుకి రక్షణ లేదు. ఇది కారుండే చోటు అన్నది ఇంకో సంగతి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, నేల మీద పాకుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ గాలి కంటే తేలిక, పైకి పోయి కప్పు కింద చేరుతుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది. కాబట్టి స్విచ్చులు, కంట్రోలర్, బ్యాటరీ ఏవీ నేల మీద ఉండకూడదు, అలాగని కప్పుకి ఆనుకుని కూడా ఉండకూడదు. రేకుకీ గోడకీ మధ్య ఉండే సందుని పావురాలు దూరుతున్నాయని సిమెంటుతో మూసేస్తారు, అది మూయకుండా జాలీ కొట్టించాలి.

దీపం విషయానికొస్తే, రెండు 9 వాట్ల బల్బులు కలిపి 1800 ల్యూమెన్లు, కారు గీరుకోకుండా పెట్టడానికీ డిక్కీలో సామాన్లు తీయడానికీ హాయిగా సరిపోతుంది. రెండూ నడి కప్పున కాకుండా చెరో పక్క గోడకి పెడితే కారుకి రెండు వైపులా నడిచే దారి కనిపిస్తుంది. బానెట్ ఎత్తి పని చేయడానికి ఇది చాలదు, దానికి చేతిలో పట్టుకునే చార్జింగ్ లైటు, అయస్కాంతం ఉన్నది, వేరే ఉండాలి. అందం కోసం ఎల్‌ఈడీ స్ట్రిప్పులు అతికించేవాళ్ళు ఒకటి గమనించాలి. మామూలు 12 వోల్టుల స్ట్రిప్పులో మూడేసి ఎల్‌ఈడీలు, ఒక రెసిస్టర్, అంతే. బ్యాటరీ చార్జ్ అవుతూ 14.4కి వెళ్ళినప్పుడు వెలిగించి ఉంచితే అందులో పారే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వేడెక్కి ముక్కలు ముక్కలుగా ఆరిపోతుంది. 9 నుంచి 30 వోల్టుల దాకా అని రాసి ఉన్న బల్బుకి ఈ బెడద ఉండదు.

ఇదంతా ఎందుకు, గోడకి తగిలించే రెడీమేడ్ సోలార్ లైటు కొనేస్తే పోలా అంటే, కొన్ని షెడ్లకి నిజంగా అదే చాలు. అట్టపెట్టె మీద 200 వాట్లని ఉందని మాత్రం నమ్మొద్దు. నడి ఎండలో చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుగు పడుతుంది, మంచి ప్యానెల్ అందులో 20 శాతం కరెంటుగా మారుస్తుంది, అంటే చదరపు అడుగుకి 18 వాట్లు. ఏ4 కాగితమంత ప్యానెల్ ఎంత గొప్పదైనా 12 వాట్లకి మించదు. రోజంతా ఎండలో ఉన్నా, రాత్రి పన్నెండు గంటలు వెలగాలంటే దాని నుంచి వచ్చేది 3 వాట్ల దీపం. సెన్సర్ ఉన్నది తీసుకుని, మనిషి వచ్చినప్పుడే వెలిగేలా పెడితే ఆ 3 వాట్ల కూడికే నిమిషాల పాటు మంచి వెలుగవుతుంది. ప్యానెల్, దీపం విడివిడిగా ఉండి మధ్యలో వైరున్నదే కొనాలి, ఒకే పెట్టెలో ఉన్నదాన్ని షెడ్డు లోపల పెడితే ఎండుండదు, బయట పెడితే లోపల వెలుగుండదు.

ఈ సెట్టు నుంచి ఆశించకూడనివి కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ సుమారు 3 యూనిట్లు, 50 వాట్ల ప్యానెల్‌తో దాన్ని ఒకసారి నింపాలంటే దాదాపు మూడు వారాలు. షట్టరు మోటారు కూడా వేరే లెక్క, చేత్తో లాగే గొలుసే నయం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది కదా అని అడుగుతారు, అది ఇంటి మీద పెట్టి గ్రిడ్‌కి కలిపే సోలార్‌కి. కరెంటు కనెక్షనే లేని షెడ్డుకి రాదు. ఎవరూ ఆశించని లాభం మాత్రం ఒకటుంది. పదిహేను రోజులు ఊరికెళ్తే కదలని కారులో అలారమూ, కంప్యూటరూ కలిసి బ్యాటరీని తాగేస్తాయి, ఎండరోజున ఈ ప్యానెల్‌కి మిగిలిపోయే వంద వాట్ అవర్లలో కొంచెం అటు మళ్ళిస్తే ఆ బ్యాటరీ నిండుగా ఉంటుంది. దానికి వేరే చిన్న కంట్రోలర్ కావాలి, రెండు బ్యాటరీల్ని ఒకే తీగకి కలిపేయకూడదు.

చెన్నైలో వేళచ్చేరి, పెరుంగుడి వైపు ఇదే పని చేసేవాళ్ళకి క్యాలెండరు మారుతుంది, అక్కడ కరువు నెలలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేడి ఇంకా ఎక్కువ, సముద్రపు గాలికి టెర్మినళ్ళు పచ్చగా తుప్పు పడతాయి కాబట్టి గ్రీజు పూయాలి. నీళ్ళు నిలిచే ప్రాంతాల్లో బ్యాటరీని నడుము ఎత్తున కాదు, గుండె ఎత్తున పెట్టుకోవాలి.

పెట్టిన ఏడాది ఒక్కసారి చూసుకోవలసిన పని ఉంది. జూలై చివర్లో ముసురు పట్టిన వారం, తెల్లారగానే, ప్యానెల్ మీద వెలుగు పడకముందే, దీపాలు ఆర్పి ఉండగా లెడ్ యాసిడ్ బ్యాటరీ వోల్టేజి చూడాలి. లిథియం అయితే ఈ పరీక్ష పనిచేయదు, అది సగం ఖాళీ అయినా నిండినట్టే 13.2 చూపిస్తుంది. వారమంతా 12.4కి తగ్గకపోతే ఆ షెడ్డు జోలికి వెళ్ళక్కరలేదు. 12.2కి జారుతుంటే ముందు నీడ చూడాలి, తర్వాత దుమ్ము తుడవాలి, అప్పటికీ జారుతుంటే అదే వోల్టేజి ఉన్న ఇంకో ప్యానెల్‌ని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలపాలి. దుకాణంలో మళ్ళీ పెద్ద బ్యాటరీయే చూపిస్తారు.